పెరడు మూసి, పలుకు నిలుపగలమా?

ఏటేట మన సంఘములు ప్రభుత్వమునకు సమర్పించు విజ్ఞాపనపత్రముల ప్రతులన్నియు ఒకచోట పేర్చినచో పిల్లవాడెక్కి కూర్చుండదగినంత యెత్తగును. ఎక్కి కూర్చున్న ఆ పిల్లవాడు మాత్రము వానిలో ఒక్క పంక్తియు చదువలేడు. చదివి వినిపించినను వానికి బోధపడదు. వాడు పరాయివాడు కాడు, మన సంఘసభ్యుని మనుమడే. ఈ మాట కటువుగా నున్నదని కొందరు పెద్దలు అలుగవచ్చును. అలిగినను సరే, మన పత్రికలో మనము మనకు నిజము చెప్పుకొనక మరెచ్చట చెప్పుకొందుము?

రాజ్యాంగములోని 350-ఎ అధికరణము 1956లో ఏడవ సవరణద్వారా చేరినది. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలుగునట్లు తగిన సౌకర్యములు చేయ యత్నించుట ప్రతి రాష్ట్రముయొక్క విధి యని అది చెప్పుచున్నది. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలుకొని అంచెలంచెలుగ తప్పనిసరి పాఠ్యాంశము చేసెను. ఈ రెంటి నడుమ నలిగిన మన బడుల గోడును మనవా రనేక పర్యాయములు విన్నవించిరి. ఆ పోరాటము న్యాయమైనది, సాగవలసినది. కాని నేడు నా కలహము అధికారులతో గాదు. సభలో కృష్ణరాయలను తలచి కన్నుల నీరు నింపుకొని, ఇల్లు చేరి, మూడేండ్ల కూతురుతో వచ్చీరాని ఆంగ్లమున మాటలాడు మన గృహస్థుతోనే నా కలహము.

బిడ్డ బడిమెట్టు ఎక్కువరకు గల తొలి నాలుగైదేండ్లకు ఏ చట్టమును వర్తింపదు. తల్లికిని బిడ్డకును నడుమ నిలిచి ఈ భాష పలుకరాదని శాసించు అధికారి యింతవరకు పుట్టలేదు. ఆ యేండ్లు ముమ్మాటికిని మనవి. వానిని మనమేమి చేయుచున్నాము? పెరటికి సిమెంటు పరచుచున్నాము. కోళ్ళను అమ్మివైచి, గూడున్నచోట మోటారుబండి నిలుపుచున్నాము. బిడ్డ యేడ్చినచో చేతికి ఫోను ఇచ్చుచున్నాము. అది ఆంగ్లమున పాడును, బిడ్డ ఏడుపు మానును, మనకు ఊరట. ఇట్లు అయిదేండ్లు గడపి, ఆరవయేట బిడ్డ చేయి పట్టుకొని ఆదివారపు తెలుగు తరగతికి వచ్చి, "అయ్యవారూ, మావాడికి తెలుగు రాదండీ, కాస్త నేర్పించండి" అని వినయముగ అడుగుచున్నాము. పోగొట్టినదెవరు, తెచ్చిపెట్టవలసినదెవరు?

ఒక్కమారు వెనుకకు చూతము. విజయనగర ప్రభువుల కాలమునను, ఆ పిమ్మట మధుర, తంజావూరు నాయకరాజుల కాలమునను దక్షిణమునకు దిగివచ్చిన మన కుటుంబములు కోవిల్పట్టి నల్లరేగడి పల్లెలలోను, రాజపాళయమునను, కోయంబత్తూరు ప్రాంతమునను స్థిరపడి వందల యేండ్లు గడచినవి. ఆ పల్లెలలో పెక్కింట తెలుగు బడి లేదు, తెలుగు పుస్తకము లేదు, సంఘము లేదు, అధికరణమును లేదు. అయినను భాష నిలిచినది. నిలిపినవారు చాలవరకు అక్షరమెరుగని అవ్వలు. వారు నిలిపినచోటు సభావేదిక గాదు. పశువులపాకలో నిలిపిరి, రోటికడ నిలిపిరి, కోళ్ళగంపకడ నిలిపిరి, బీరపాదునకు నీళ్ళు పోయుచు నిలిపిరి.

కోవిల్పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇంటిభాష తెలుగు. తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసవచ్చి ఊరు కట్టుకొన్న కథను ఆయన 'గోపల్ల గ్రామం' అను నవలగ వ్రాసెను; దాని తరువాతి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. రెండును తమిళమున వ్రాసినవే. తమిళసాహిత్యమున కది గొప్ప సంపద, మనకును గర్వకారణము. కాని యందొక సంగతి గమనింపవలెను. లిపి పోయినను పలుకు పోలేదు కనుకనే ఆ కథ ఇండ్లలో నిలిచియుండెను, నిలిచియుండెను గనుకనే వ్రాయుటకు మిగిలెను. మన తరమున పోవుచున్నది ఆ పలుకే. అక్షరములు పోయినవని వాపోవు మనకు, అంతకన్న పెద్దది కన్నులయెదుట కొట్టుకొనిపోవుచున్నట్లు తోచుటలేదు.

పెరటికిని భాషకును సంబంధమేమని అడుగువారు కలరు. చిన్నబిడ్డ భాషను పాఠముగ నేర్వడు, పనిలో నేర్చును. తన మాటకై ఒకరు కాచియుండవలెను. తన మాటవలన ఏదో యొకటి జరుగవలెను. ఫోనులోని బొమ్మ బిడ్డ బదులు పలికినను పలుకకున్నను తన పాట తాను పాడుకొనిపోవును. పెరటిలో అట్లు కాదు. "అవ్వా, పెట్ట గంప దిగింది!" అని బిడ్డ అరచినచో అవ్వ చేతిలోని చేట దింపి లేచి వచ్చును. తన మాటకు మనుష్యులు కదలుదురని బిడ్డకు అప్పుడు తెలియును. తెలిసిన పిమ్మట ఊరకుండడు, మరునాడు పది మాటలు చెప్పును.

వ్యాకరణమును గూడ కోళ్ళే నేర్పును. ఒకటైన కోడి, పదియైన కోళ్ళు. ఒకటైన గుడ్డు, పదియైన గుడ్లు. డకారము ళకారమగు తీరును ఆదివారపు అయ్యవారు నల్లబల్లపై వివరించులోపల, పెరటిలో తిరిగిన మూడేండ్ల బిడ్డ తడుముకొనక "కోళ్ళు" అనును. అంతకన్న పెద్ద సంగతి మరియొకటి కలదు. ప్రక్కింటి పిల్లతో "ఇది మా పెట్ట" అనిన బిడ్డయే అవ్వతో "మన పెట్ట గుడ్డు పెట్టింది" అనును. ఎదుటివారిని కలుపుకొని చెప్పుట యొకటి, విడిచి చెప్పుట యొకటి. ఆంగ్లమున రెంటికిని ఒకటే మాట. తమిళమున 'నమ్మ' యని, 'ఎంగ' యని ఈ భేదము కలదు కనుక, వీథిలోని జతగాండ్రకును ఇది తెలియును. తెలియనిది ఇంటిలోని ఫోనునకు మాత్రమే.

పొదుగుచున్న పెట్ట కూర్చుండు 21 దినములకు సాటియగు శిశుపాఠశాలను నే నెరుగను. వెదురుగంపలో గడ్డి పరచి పదియో పండ్రెండో గుడ్లుంచుదురు. ఉరుములకు గుడ్లు చెడకుండునని కొందరు అవ్వలు ఒక ఇనుపముక్కను, బొగ్గును ప్రక్కన పెట్టుదురు. ఉరుమును ఇనుము ఆపునో లేదో నా వాదము గాదు. ఏల పెట్టినావని బిడ్డ అడుగును, అవ్వ చెప్పును, నాకు కావలసినది అంతియే. ఏడవనాటి రాత్రి గుడ్డును దీపమున కడ్డముపెట్టి చూచినచో, జీవమున్నదానిలో సాలెగూటివలె సన్నని ఎఱ్ఱని నరములు కానవచ్చును. లేనిది తేటగ నుండును. ఆ రాత్రి బిడ్డ నోట వెడలు ప్రశ్నలకు అంతుండదు. పెట్ట దినమున కొక్కమారు దిగి, నాలుగు నూకలు తిని, నీళ్ళు త్రాగి, వడివడిగ మరలిపోవును. గుడ్లను ముక్కుతో మాటిమాటికి దొర్లించును. దొర్లింపకున్న లోపలి పిల్ల పెంకునకు అంటుకొనిపోవును. ఇవి యన్నియు బిడ్డ కనులార చూచును, చూచినదానిని ఎవరికో ఒకరికి చెప్పక మానడు. ఏ భాషలో చెప్పును? చూపినవారి భాషలో.

గడువు ముగియవచ్చునాటికి, పెంకు పగులకమునుపే లోపలి పిల్ల కిచకిచమనును. పైనున్న తల్లి మెల్లగ గొణుగుచు బదులు పలుకును. మానవశిశువు సయితము గర్భమందే తల్లిగొంతు వినుననియు, పుట్టిన కొలదిదినములకే తల్లిభాష నడకను పరభాష నడకనుండి వేరుపరచుకొనుననియు శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలిపిరి. అంత సిద్ధపడి వచ్చిన బిడ్డను తొట్టిలో పరుండబెట్టి, ఏ దేశమువారిదో ఒక యంత్రపుగొంతును మనము వినిపించుచున్నాము! కోడికున్న ఇంగితము మనకు లేకపోయెనే యని నాకు విచారము.

పిల్లలు వెలికివచ్చిన పిమ్మట అసలుపని మొదలగును. సందెవేళ గూడు మూయుట ఇంటిలోని చిన్నవాని వంతు. మూయుటకు ముందు లెక్కపెట్టవలెను. తెలుగున లెక్కపెట్టవలెను, ఇరువది దాటగనే ఆంగ్లములోనికి జారుకొను తండ్రులు కలరు, వారును ఆ వేళ బిడ్డతో గూటికడ నిలుచుట మంచిది. ఒకనాడు లెక్క తగ్గును. "అవ్వా, ఒక పిల్ల లేదు!" "యాడ చూసినావురా చివర?" "మునగచెట్టు కాడ." "ఎప్పుడు?" "నాయన వచ్చినప్పుడు." ముంగిస యెత్తుకొనిపోయినదో, గద్ద తన్నుకొనిపోయినదో, పొరుగింటి పిల్లి పనియో తేల్చవలెను గదా! ఏది ముందు జరిగినది, ఏది వెనుక జరిగినది, ఎవరు చూచిరి అని బిడ్డ క్రమముగ చెప్పవలెను. కథ చెప్పుట యనగ ఇదియే. దుఃఖములో చెప్పిన మాట బిడ్డ నోటినుండి ఎన్నటికిని పోదు. బొమ్మల పుస్తకములో 'ము' అను అక్షరము ప్రక్కన ముంగిస బొమ్మ చూచిన బిడ్డకును, ముంగిస తన పిల్లను తినిపోయిన బిడ్డకును ఆ మాట ఒకటే యగునా?

కోళ్ళను ముట్టని యిండ్లు మనలో కలవు. వారిని నేను ఒత్తిడి చేయను, వారికి చిక్కుడుపాదు చాలును. గింజ నాటిన నాలుగైదు దినములకే మొలక తల యెత్తును, బిడ్డ ఓపిక అంతవరకు నిలుచును. పాదు, మడి, పందిరి, తీగ, మొగ్గ, పిందె, కాయ — ఒక్క గింజవెంట ఇన్ని మాటలు నడచివచ్చును. పొట్లకాయ వంకరపోకుండ కొనకు రాయి కట్టుట చూచిన బిడ్డ నవ్వును. ఏల కట్టితిమో చెప్పినచో మరునాడు తానే రాళ్ళు ఏరి తెచ్చును. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టవలెను, చిక్కుడాకులు పరచి నైవేద్యము పెట్టవలెను. అంగడిలో కొన్న చిక్కుడుతో ఆకులు రావు. ధనుర్మాసమున గొబ్బెమ్మమీద గుమ్మడిపువ్వు పెట్టుదుము. తమిళులును మార్గళి మాసమున పేడముద్దపై ఆ పువ్వే పెట్టుదురు. మన గుమ్మడిపాదుపువ్వులు ప్రక్కింటివారి వాకిట విచ్చుకొనిన నాడు ఏ భాషకును లోపము రాలేదు. మన పొట్లకాయ వారికి పుడలంగాయ్, మన బీరకాయ వారికి పీర్కంగాయ్. రెండు పేర్లును ఎరిగిన బిడ్డ ఎన్నటికిని పేదవాడు కాడు. మన బిడ్డలు తమిళము చక్కగ నేర్వవలెను, వీథి దానిని ఊరక నేర్పును. తెలుగు నేర్పుటకు ఇల్లు తప్ప మరొక వీథి మనకు లేదు.

కోళ్ళున్నచోట మొక్కలు బ్రతుకవందురు. మొలకలను కోళ్ళు కెలికివేయుట నిజమే. ముళ్ళకంప నాటుడు, లేదా మొలకలపై గంపలు బోర్లింపుడు, కోళ్ళను సాయంకాలము మాత్రము విడువుడు. కోడిపెంట పచ్చిగ వేసినచో మొక్క మాడును, కొన్ని నెలలు మాగిన పిమ్మట వేసినచో దానిని మించిన యెరువు లేదు. ఇట్టి చిన్నచిక్కులు తీర్చుకొనుటలోనే ఇంటిలో మాటలు పుట్టును. చిక్కులు లేని యింట మాటలకు పనియేమి?

రోగములు వచ్చునను భయము మాత్రము తోసిపుచ్చదగినది గాదు. అయిదేండ్లలోపు బిడ్డలు కోడిపిల్లలను ముద్దుపెట్టుకొనరాదు. ముట్టిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గూడు వంటయింటికి ఎడముగ నుండవలెను. రాణిఖేత్ అనబడు కొక్కెర తెగులునకు టీకా కలదు, పశువైద్యశాలలో అడిగి వేయించవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో బర్డ్ ఫ్లూ చెలరేగినది; అట్టి వేళలలో కోళ్ళు ఒక్కసారిగ చచ్చుచున్నచో తాకక పశువైద్యునకు తెలుపవలెను. జాగ్రత్త వేరు, సాకు వేరు. బిడ్డ చేతికి మన్ను అంటునని భయపడు ఇల్లాలు, అదే బిడ్డ అన్నము తినుచు నాలుగు గంటలు ఫోను చూచినను భయపడుటలేదే!

ఇక మర్యాద మాట. కోళ్ళు పెంచుట పల్లెటూరితనమని కొందరికి నామోషి. అట్టివారే అంగడిలో గోధుమవన్నె గుడ్లు చూచి 'నాటుగుడ్లు' అని హెచ్చుధర పోసి కొనుచున్నారు. పెంకు వన్నె కోడి జాతినిబట్టి వచ్చును. ఫారములలోను గోధుమవన్నె గుడ్లుపెట్టు జాతులు కలవు. నామక్కల్ తెల్లగుడ్డునకును దానికిని పోషణలో చెప్పుకోదగిన తేడా లేదు. నాటుదనమును సొమ్మిచ్చి కొనుటకు సిగ్గుపడనివారు పెరటిలో పెంచుటకు సిగ్గుపడుట చూడ వింతగ నున్నది.

"ఆంగ్లము రాకున్న బిడ్డ భవిష్యత్తు ఏమగును?" అనువారికి ఒక్క మాట. ఆంగ్లము బడి నేర్పును, కచేరి నేర్పును, లోకమంతయు నేర్పును. దానికై మన తోడ్పాటు అక్కరలేదు. అవ్వ మంచముపై పడియున్నప్పుడు మనుమడు వచ్చి చేరువ కూర్చుండి ఏమి మాటలాడవలెను? నడుమ కోడలు కూర్చుండి ఆంగ్లమును తెలుగుచేసి అవ్వకు చెప్పు ఇండ్లను నేను చూచితిని. ఒక్క కప్పుక్రింద రక్తసంబంధులకు దుబాసి కావలసివచ్చినది. ఆ అవ్వ ఎరిగినదంతయు ఎవరికి చెప్పి పోవును?

మేడలపై అద్దెయింట నుండువారికి పెరడెక్కడిదని ప్రశ్న. నిజమే, కోళ్ళు అచ్చట పొసగవు, కొన్ని నగరములలో నిబంధనలును అడ్డుపడును. కాని తొట్టిలో మెంతులు చల్లినచో మూడునాలుగు దినములకు మొలచును, నెలతిరుగులోపల కూరకు వచ్చును. తోటకూరయు అంతే. నీళ్ళు పోయుట, గిల్లుట, ఏరుట బిడ్డచేతనే చేయించుడు. చేయించుచు మాటలాడుడు. మౌనముగ నీళ్ళు పోయించినచో మెంతికూర పెరుగును గాని తెలుగు పెరుగదు.

ఈ పత్రికను తమిళనాటివారు మాత్రమే చదువుటలేదు. 1953లో మైసూరున చేరిన బళ్ళారివారు, 1936లో ఒడిస్సాలో చేరిన బరంపురము, పర్లాకిమిడివారు, మహారాష్ట్రలోని మనవారు చదువుచున్నారు. సరిహద్దు గీతలు ఎచ్చట పడవలెనో నిర్ణయించినవారు మన పెరళ్ళమీదుగ గీయలేదు. హొసూరువారికైతే గీతకు ముందునుండియు ఇల్లదియే, మాట ఇదియే. యానామువారికి చుట్టును తెలుగే కనుక ఈ బెంగ వారికి తక్కువ. అయినను వారి బిడ్డల చేతిలోని ఫోను మన బిడ్డల చేతిలోనిదే.

ఆదివారపు తరగతులు వలదని నా వాదము గాదు. వ్రాతయు రావలెను. కాని నోట తెలుగు లేని బిడ్డకు 'అ, ఆ'లు వట్టి బొమ్మలు. నోట తెలుగున్న బిడ్డ ఆరునెలలలో చదువ నేర్చును. కనుక సంఘ కార్యవర్గమునకు నా విన్నపము లివి. ఏటి సభలో శాలువలకును పూదండలకును అగు వ్యయములో సగము తగ్గించి, అయిదేండ్లలోపు బిడ్డలున్న ప్రతి సభ్యుని యింటికి బీర, పొట్ల, చిక్కుడు గింజల పొట్లము పంపవలెను. తమిళనాట ఆడి మాసము విత్తుటకు అనువగు కాలము, దానికి ముందుగనే చేరవలెను. ఆదివారపు తరగతిలో మొదటి అరగంట పెరడు గల ఒక సభ్యుని యింట జరుపవలెను, అవ్వలను అచ్చట కుర్చీలలో గాక గంపలకడ కూర్చుండబెట్టవలెను. నాటుకోళ్ళు గల సభ్యులు పొదిగించుటకు పదేసి గుడ్లను కోరినవారికి ఈయవలెను. పెట్టి వారము దాటని గుడ్లైన మేలు. గుడ్డు పెట్టిన తేదీని పెన్సిలుతో పెంకుపై వ్రాసి యుంచవలెను. తెలుగు అంకెలతో వ్రాసినను పెట్టకు అభ్యంతరముండదు.